ఏడో గడి

మంగళవారం. కిటికీ అద్దానికి ఉప్పు పట్టింది.
అబెరిస్టువిత్ సముద్రం రాత్రంతా
మా ఆఫీసు గోడకి తల బాదుకుంది.
దానికి మినహాయింపు ఎవరూ ఇవ్వరు,
పొద్దున్నే మళ్లీ పనిలోకి వచ్చింది.

నా పని రుజువులు చూడటం.
పరీక్ష తప్పినవాళ్ల, వ్యాసం ఆలస్యమైనవాళ్ల
కష్టానికి తేదీ ఉందా, సంతకం ఉందా,
నెత్తిన అచ్చువేసిన చిరునామా ఉందా అని.
"ఒంట్లో బాగోలేదు" అంటే చాలదు.
బాగోలేదని ఇంకొకరు చెప్పాలి.
ఆ ఇంకొకరు తల్లి కాకూడదు, స్నేహితుడు కాకూడదు,
జీతం తీసుకుని చెప్పేవాళ్లయి ఉండాలి.

పదకొండేళ్లలో ఏమేం చూడలేదు!
పన్ను పీకించుకున్న రసీదు.
రైలు రద్దయిన బోర్డు ఫోటో,
దాని అద్దంలో ఫోటో తీసిన పిల్ల ముఖం.
అంత్యక్రియల కాగితం: పాటల వరస,
చివర్లో టీ ఎక్కడిస్తారో.
విడిపోయిన ప్రేమకి మాత్రం ఎవరూ సర్టిఫికెట్ తేలేదు.
ఒకడు రెండు తాళంచెవులు కవర్లో పెట్టి పంపాడు.
తిప్పి పంపేశాను.

ఇవాళ ఇథెల్ వచ్చాడు.
ట్రెగారన్ పైన కొండపొలం వాళ్లది.
భూగర్భశాస్త్రం, రెండో ఏడు.
ఏప్రిల్ ఆఖరి పరీక్ష రాయలేదు.
బల్లమీద పెట్టింది ఒక చిన్న నోటుపుస్తకం,
అంచులకి అయోడిన్ మరక,
మడతలో ఇరుక్కున్న ఉన్నిపోగు.
గొర్రెలు ఈనే కాలంలో రాసుకునే పుస్తకమట.
"అచ్చు చిరునామా ఏదీ?" అన్నాను, అలవాటు కొద్దీ.
అట్ట తిప్పి దాణా కంపెనీ పేరు చూపించాడు.
అతను నవ్వలేదు. నేనూ ఆపుకున్నాను.

మరి మీ నాన్న ఆసుపత్రి కాగితం?
ఉంది. ఇవ్వనంటున్నాడు.
"నా జబ్బు నీ పరీక్షకి సాకు కాదు" అన్నాడట.
అన్నాడంటే, సగం నోటితో.
మిగతా సగం ఇథెల్ పూరించుకున్నాడు.

పేజీలు తిప్పాను.
వేల్స్ భాష, మొండి పెన్సిలు, నిటారు అక్షరాలు:
ఒంటిగంటా పది. కవలలు. రెండూ లేచాయి.
మూడుంబావు. వెనక కాళ్లు ముందొచ్చాయి. బతికింది.
నాలుగు. నల్లమూతిదాన్ని తల్లి దగ్గరికి రానివ్వట్లేదు.
మంచు.
మళ్లీ మంచు.
ఏప్రిల్ తొమ్మిది, రెండూ నలభై: "కవ"
అంతే. అక్కణ్ణుంచి గీత కిందికి జారింది
కాగితం దాటి, అట్ట లోపలి వైపు దాకా,
కొండ మీంచి రాయి దొర్లినట్టు.

తరువాతి వరస మూడూ యాభై.
నీలి పెన్ను. గుండ్రటి అక్షరాలు.
"కవలలే. ఒకటి పోయింది. అంబులెన్స్ ఇప్పుడే వెళ్లింది."
ఈస్టర్ సెలవలకి ఇంటికెళ్లిన కుర్రాడి రాత అది.
ఆ రోజు నుంచి నిన్నటి దాకా అన్నీ గుండ్రటివే,
రాత్రికి నాలుగు, ఐదు,
పరీక్షనాటి తెల్లవారుజామున కూడా:
"ఐదూ ఐదు. మూడు పిల్లలు. పాలు చాలవు."

మా ఫారంలో ఏడో గడి:
ఆటంకం మొదలైన తేదీ, రుజువుతో సహా.
ఇన్నేళ్లలో ఏ డాక్టరూ
నిమిషంతో సహా రాసివ్వలేదు.

కుటుంబసభ్యుల రాత చెల్లదు.
నాకు తెలుసు, ఆ వాక్యం టైపు చేసింది నేనే.
అయినా స్కానర్ మూత ఎత్తాను.
మొదటిసారి గీత అంచు దగ్గర తెగిపోయింది.
పుస్తకాన్ని ఏటవాలుగా, అట్టతో కలిపి పెట్టాను.
వెలుగు దాని మీదుగా మెల్లగా నడిచింది.
కింద రాశాను: "ఈ పేజీలో చేతిరాత మారింది. నేను చూశాను."
పేరు, తేదీ, ఆఫీసు ముద్ర.
నేనూ జీతం తీసుకునేదాన్నే కదా.

కమిటీ గురువారం కూర్చుంటుంది. ఏమంటారో తెలియదు.
"పుస్తకం ఇక్కడే ఉంచాలా?" అడిగాడు, బస్సు టైము చూసుకుంటూ.
అక్కర్లేదన్నాను.
"మంచిది. ఇంకా పదహారు ఈనాలి."